నొక్కితే మూగబోయే పెడల్

హెడ్డా రూసెన్‌క్విస్ట్ ఆఫీసులోకి వచ్చి, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే కుడికాలి బూటు విప్పేసింది. తడిసిన మేజోడు లాగి పక్కన పడేసి, చీలమండ మీది పొడవాటి కుట్లమచ్చను దీపం వెలుగులోకి జరిపింది. బయట గోథెన్‌బర్గ్ నవంబరు వాన కిటికీ అద్దాల మీద విసుగూ విరామమూ లేకుండా కురుస్తోంది.

"ఈ కాలు జారుతోందో లేదో మీరు తేల్చాలి. నాకు తెలియడం మానేసింది," అంది.

బార్బ్రో ఎక్వాల్ ఆ కాలి వైపు చూడలేదు. హెడ్డా ముఖం వైపు చూసింది. ముప్పై ఏళ్లు ఒక బీమా కంపెనీలో కూర్చుని, ఎవరి నడుంనొప్పి నిజమో, ఎవరిది నటనో తేల్చిన మనిషి ఆమె. ఉద్యోగం వదిలాక చెప్పులు కుట్టే దుకాణం పైనున్న రెండు గదుల్లో ఈ ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. ఆమె సహాయకుడు మెల్కర్ ఆస్క్ ఒకప్పుడు డాన్సు హాళ్లలో కీబోర్డు వాయించేవాడు. బ్యాండు విడిపోయాక ఇక్కడ చేరాడు. బార్బ్రో కళ్లంత చురుకైన కళ్లు ఊళ్లో మరెవరికీ లేవని అతని నమ్మకం. ఆమె నాలుకంత చురుకైన నాలుకా మరొకటి లేదని రోజూ అనుభవం.

హెడ్డా చెప్పుకొచ్చింది. కిందటి చలికాలం ట్రామ్ స్టాపు దగ్గర మంచు మీద పడి చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని, అడుగడుక్కీ నొప్పి. ఆ కీలు కదలకుండా శాశ్వతంగా బిగించేస్తే నొప్పి పోతుందని డాక్టరు అంటున్నాడు. బిగిస్తే పాదం ఇక వంగదు. పాదం వంగకపోతే స్వరాన్ని సాగదీసే పెడల్ నొక్కలేదు. పెడల్ నొక్కలేని కీబోర్డు వాద్యకారిణి ఇంట్లో కూర్చోవలసిందే. అందుకే ఇన్నాళ్లూ పళ్లు బిగించి నొప్పి భరించింది.

నది ఒడ్డున పాత తాళ్ల ఫ్యాక్టరీలో ఉన్న థియేటర్‌లో ఒక నాట్యబృందం ప్రదర్శన నడుస్తోంది. సంగీతమంతా హెడ్డా ఒక్కతే, ఒక కీబోర్డుతో, ఒక ల్యాప్‌టాప్‌తో వాయిస్తుంది. కిందటి మూడు ప్రదర్శనల్లోనూ ఆరో నృత్యంలో, నర్తకులు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడే చోట, స్వరం ఉన్నట్టుండి చచ్చిపోయింది. మూడోసారి తాళం తప్పి ఒక నర్తకి కిందపడి భుజం బెణకగొట్టుకుంది. హెడ్డా కాలు పెడల్ మీంచి జారిందని అందరూ తేల్చేశారు. పాపం, ఆ కాలితో ఇంకెంతకాలం అని జాలి కూడా పడుతున్నారు. శుక్రవారం రాత్రి ఆటలో మళ్లీ అలా జరిగితే ఆమెను పక్కనపెట్టి, రికార్డు చేసిన సంగీతంతో నార్వే పర్యటనకు వెళతామని బృందం నాయకురాలు చెప్పేసింది. సోమవారం ఆపరేషన్‌కు ఒప్పుకుంటావా లేదా చెప్పమని ఆసుపత్రివాళ్లు గడువు పెట్టిందీ శుక్రవారానికే.

"జారుతోందంటే ఇక ఈ నొప్పి ఎవరి కోసం భరించాలి? బిగించెయ్యమంటాను," అంది హెడ్డా. "జారడం లేదంటే మాత్రం ఎవరో నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నారు."

"స్వరం ఆగిన క్షణంలో మీ వేళ్లెక్కడున్నాయి?" అని బార్బ్రో అడిగింది.

"మీటల మీదే. నొక్కే ఉన్నాను."

"పాదం?"

హెడ్డాకు కోపం వచ్చింది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ విసిగిపోయిన కోపం అది. "నొక్కాను. నొక్కగానే ఆగిపోయింది. ఎవరితో చెప్పినా నవ్వుతున్నారు. నొక్కితే స్వరం నిలవాలి గాని ఆగడమేమిటి, నొక్కాననుకుని జారవిడిచి ఉంటావు అంటున్నారు. ఇప్పుడు నాకూ అలాగే అనిపిస్తోంది."

ఆమె వెళ్లాక మెల్కర్ కాస్త అనుమానంగానే మాట్లాడాడు. దెబ్బతిన్న కాలు మోసం చేయడం వింతేమీ కాదన్నాడు. బార్బ్రో కోటు తొడుక్కుంటూ, కాలి గురించి అబద్ధం చెప్పేవాళ్లు తన జీవితంలో వందలమంది తగిలారని, వాళ్లంతా తప్పు కాలిదేనని వాదించారే గాని కాలిది కాదని ఒక్కరూ వాదించలేదని చెప్పింది.

థియేటర్‌లో వాళ్లకు ముగ్గురు తగిలారు. మొదటివాడు స్టాఫన్ బ్రూన్. శబ్దం చూసే సాంకేతికుడు. హాలు వెనక, శబ్దాన్ని హెచ్చించి తగ్గించే మిక్సర్ ముందు కూర్చుని, ప్రపంచం మీద అలిగినట్టు ఉంటాడు. వేదిక మీద కంప్యూటర్ పెట్టడమే దండగని అతని వాదన. రికార్డు వేసుకుంటే ఏ గొడవా ఉండదని మొదట్నుంచీ చెబుతున్నాననీ, తన మాట వినే నాథుడు లేడనీ వాపోయాడు. రెండో మనిషి వెండెలా క్రూక్, బృందం నాయకురాలు. నార్వేవాళ్లు మనుషుల్ని తగ్గించుకు రమ్మన్నారని దాచకుండా చెప్పింది. హెడ్డా అంటే ఇష్టమేననీ, కాని ఇంకో నర్తకి భుజం విరగ్గొట్టుకునేదాకా ఆగలేననీ అంది. మూడోవాడు సంగీతం రాసిన తూరె ఆల్మ్‌గ్రేన్. అతను ఆలస్యంగా వచ్చాడు. బతుకుతెరువుకు ఒక చర్చిలో ఆర్గన్ వాయిస్తాడట. ఆ రోజు ఎవరివో అంత్యక్రియలున్నాయట. సంచిలోంచి హెడ్డా కోసం తెచ్చిన యాలకుల బన్నుల పొట్లం తీశాడు. దానితోపాటు పల్చటి తోలు అడుగున్న నల్లబూట్ల జత కూడా బయటికొస్తే మళ్లీ లోపలికి తోశాడు. హెడ్డాను ఆసుపత్రికి తన కారులో తీసుకెళ్లేదీ, మెట్లు దిగేటప్పుడు చెయ్యందించేదీ ఇతనే.

బార్బ్రోకు సంగీతమంటే ఆమడదూరం. పరికరాన్ని పరీక్షించే పని మెల్కర్ మీద పడింది. అంతకుముందు అదేమిటో తనకు అర్థమయ్యేలా చెప్పమంది.

"ఈ కీబోర్డులోంచి శబ్దం రాదు," అన్నాడు మెల్కర్. "మీట నొక్కితే, పెడల్ తొక్కితే కంప్యూటర్‌కి నంబర్లు పంపుతుంది. అంతే. వీటిని మిడి సందేశాలంటారు. పెడల్‌ది అరవై నాలుగో నంబరు. తొక్కితే పక్కన నూట ఇరవై ఏడు అని, వదిలితే సున్నా అని చెబుతుంది. వాల్యూమ్‌ది ఏడో నంబరు. దానికీ అంతే, నూట ఇరవై ఏడంటే నిండుగా, సున్నా అంటే నిశ్శబ్దం. ఆ నంబర్లు చూసి శబ్దం పుట్టించేది కంప్యూటర్."

"అంటే ఇది ఉత్తరాలు రాస్తుంది, అది చదువుకుంటుంది," అంది బార్బ్రో. "సరే, కానివ్వు."

మెల్కర్ కానిచ్చిన తీరు చూసినవాళ్లకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు తీగలన్నీ ఊడదీసి కొత్తవి పెట్టాడు. నేల మీద పాకుతూ, ఒక చెయ్యి పెడల్ మీద ఆనించి, రెండో చేత్తో కీబోర్డు స్విచ్చి వేశాడు. లేచి వాయించి చూస్తే పెడల్ పూర్తిగా తలకిందులైంది. వదిలితే స్వరం సాగుతోంది, తొక్కితే తెగుతోంది. దొంగ దొరికాడని కేకేశాడు. స్టాఫన్ మిక్సర్ దగ్గర్నుంచి తల కూడా తిప్పకుండా, స్విచ్చి వేసేటప్పుడు పెడల్ మీద బరువుంటే కీబోర్డు అదే దాని మామూలు స్థితి అనుకుంటుందనీ, అప్పట్నుంచి అన్నీ తిరగేసి పంపుతుందనీ చెప్పాడు. చెయ్యి తీసి మళ్లీ స్విచ్చి వెయ్యమన్నాడు. ఈ వృత్తిలో ప్రతివాడూ ఒకసారి ఇలా వెధవ అవుతాడని కూడా జోడించాడు. మెల్కర్ చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ వేస్తే పెడల్ బుద్ధిగా పనిచేసింది.

ఆ తర్వాత సాయంత్రం దాకా ఏమీ దొరకలేదు. మౌసుతో ఆరో నృత్యం తెరిచాడు, వాయించాడు, బాగానే ఉంది. నెమ్మదిగా తొక్కాడు, గట్టిగా తొక్కాడు, మడమతో తొక్కాడు. బాగానే ఉంది. సంగీతం సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ప్రతి విండో తెరిచి చూశాడు. ఎక్కడా ఒక్క మచ్చ లేదు. హెడ్డా ముందు వరుసలో కూర్చుని చూస్తోంది. అతను తల అడ్డంగా ఊపిన ప్రతిసారీ ఆమె ఇంకాస్త కుంచించుకుపోతోంది. మెల్కర్‌కు ఆ కీబోర్డును ఎత్తి నదిలో పడేయాలనిపించింది.

"నువ్వు నీలా వాయిస్తున్నావు," అంది బార్బ్రో చివరికి. "ఆవిడలా వాయించు. హెడ్డా, ఒక నృత్యంలోంచి ఇంకో నృత్యంలోకి మీరెలా వెళతారు? ఇతనిలా మౌసు పట్టుకుంటారా?"

మౌసు ముట్టుకోనని, కీబోర్డు మీదే ఒక బొత్తం ఉందని, దాన్ని నొక్కుతూ వెళతానని హెడ్డా చెప్పింది. మెల్కర్ మొదటి నృత్యం నుంచి ఆ బొత్తం నొక్కుకుంటూ ఆరో దానిలోకి వచ్చాడు. రెండు చేతులతో మీటలు పట్టుకుని పెడల్ తొక్కాడు.

స్వరం ఠక్కున చచ్చిపోయింది. పాదం ఎత్తాడు, తిరిగొచ్చింది. మళ్లీ తొక్కాడు, పోయింది.

హెడ్డా ముందు వరుసలోంచి లేచి నిలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుని మళ్లీ కూర్చుంది.

తప్పు పెడల్‌లో లేదు, సాఫ్ట్‌వేర్‌లోనూ కనబడటం లేదు. అయితే ఉత్తరం దారిలో ఎవరైనా విప్పి చదువుతున్నారా అని బార్బ్రో అడిగింది. అప్పుడు గుర్తొచ్చి మెల్కర్ నుదురు కొట్టుకున్నాడు. హెడ్డా కీబోర్డు పాతది. దాని బొత్తాలు పంపే నంబర్లు కొత్త సాఫ్ట్‌వేర్‌కు పట్టవు. అందుకని మధ్యలో ఒక చిన్న ప్రోగ్రాం పెట్టారు. వచ్చిన నంబరును మార్చి, అవతలి దానికి అర్థమయ్యే నంబరుగా పంపే మధ్యవర్తి అది. తెరిచి చూస్తే ఉండవలసిన ఆదేశాల చివర ఒకటి ఎక్కువగా ఉంది. బొత్తంతో ఆరో నృత్యంలోకి వచ్చినప్పుడు మాత్రమే మేలుకునే ఆదేశం. అరవై నాలుగు వస్తే దాన్ని పంపుతూనే, దానితోపాటు ఏడు కూడా పంపమంటోంది. అదీ విలువను తిరగేసి. అంటే తొక్కితే వాల్యూమ్ సున్నా.

"ఆ మధ్యవర్తిని పెట్టిందెవరు?"

"స్టాఫన్," అన్నాడు మెల్కర్ గొంతు తగ్గించి. "ఇంకేం కావాలి? రికార్డు వెయ్యమని మొదట్నుంచీ గోలపెడుతున్నదీ అతనే."

ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ మూత మీదే టేపు అంటించి రాసి ఉందనీ, అది చూసి ఎవరైనా తెరవొచ్చనీ బార్బ్రో గుర్తుచేసింది. మెల్కర్‌కు మండింది. రోజంతా నేల మీద పాకింది తను. దొంగ ఎదురుగా కూర్చుని వెక్కిరిస్తుంటే ఈవిడ టేపు గురించి మాట్లాడుతోంది.

"నన్ను తినేస్తున్నది ఒకటుంది," అంది బార్బ్రో. "ఆవిడ కాలు జారిందని అందరూ నమ్మాలి. అదీ ఆ ఆదేశం పెట్టినవాడి పథకం. కాలు జారడమంటే పెడల్ వదిలేయడం. అలాంటప్పుడు వదిలితే స్వరం ఆగాలి కదా? తొక్కితే ఆగేలా ఎందుకు పెట్టాడు?"

మెల్కర్ ఆలోచించాడు. నిజమే. తిరగెయ్యకుండా ఊరుకుని ఉంటే, వదిలితే సున్నా, స్వరం ఆగేది. అచ్చం కాలు జారినట్టే ఉండేది. పని గట్టుకుని తిరగేసి తన పథకాన్ని తనే పాడుచేసుకున్నాడు. వాడు తెలివితక్కువవాడై ఉంటాడని తేల్చేశాడు.

"తన పని తనే పాడుచేసుకోవడానికి ఎవడూ అదనంగా కష్టపడడు మెల్కర్. వాడు పరీక్షించినప్పుడు అది సరిగ్గానే పనిచేసి ఉంటుంది." ఆ ఆదేశాన్ని చెరపకుండా అలాగే ఉంచమని చెప్పి, ఎవరితోనూ అనొద్దని హెడ్డాను కూడా ఒప్పించింది.

మర్నాడు ఆమె ముగ్గురితో విడివిడిగా మాట్లాడింది. స్టాఫన్ మాట్లాడినంతసేపూ తీగలు చుట్టుకుంటూనే ఉన్నాడు. మధ్యవర్తిని పెట్టింది తనే, ఆ తర్వాత దాని ముఖం చూడలేదన్నాడు. మూడోసారి స్వరం ఆగినప్పుడు అందరూ తన మిక్సర్ వైపే తిరిగి చూశారని, పరువు పోయిందని చెప్పేటప్పుడు మాత్రం తీగలు పక్కన పడేశాడు. వెండెలా గడియారం చూసుకుంటూ జవాబులిచ్చింది. ల్యాప్‌టాప్‌లో ఏముందో తనకు తెలియదని, తెలుసుకోవాలనీ లేదని అంది.

తూరె దగ్గర ఆమె ఎక్కువసేపు గడిపింది. ఆరో నృత్యం అసలు ఎలా ఉండాలని అడిగింది. అతను ఉత్సాహంగా వెళ్లి, కీబోర్డు ముందు హెడ్డా కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. రెండు పాదాలూ సర్దుకున్నాక, ఎడమ చెయ్యి స్విచ్చి వైపు చాచాడు. అంతలో ఏదో తోచినట్టు చెయ్యి వెనక్కి తీసుకుని, రేపటి ఆటకు సిద్ధంగా పెట్టినదాన్ని కదపడం మంచిది కాదన్నాడు. గొంతుతోనే కూనిరాగం తీసి వినిపించాడు. వేలితో చెక్క మీద తాళం కొట్టాడు. హెడ్డా వాయించే వేగంకన్నా అది చాలా చురుగ్గా ఉందని పక్కనున్న మెల్కర్‌కు కూడా తెలిసింది.

"హెడ్డా కాస్త నిదానంగా వాయిస్తుందనుకుంటాను," అంది బార్బ్రో.

"కాస్త కాదు," అన్నాడు తూరె. తర్వాత చిరునవ్వు తెచ్చుకుని, "కాని బాగా వాయిస్తుంది. పాపం, ఆ కాలే..." అని ఆపేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం బార్బ్రో అందరినీ వేదిక మీదికి పిలిచింది. వెండెలా ఇంకో గంటలో రిహార్సల్ ఉందని గొణిగింది. స్టాఫన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తూరె హెడ్డాకు కుర్చీ వేశాడు. కీబోర్డు ఆపేసి ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం వెలుగుతోంది, మధ్యవర్తి అందులో నడుస్తూనే ఉంది.

"మీ ముగ్గుర్నీ ఒక చిన్న పని చెయ్యమంటాను. కీబోర్డు స్విచ్చి వెయ్యండి. బొత్తంతో ఆరో నృత్యంలోకి రండి. అందులోని పొడవు స్వరం పట్టుకుని, పెడల్ ఒకసారి తొక్కి వదలండి. అయ్యాక కీబోర్డు ఆపేసి లేవండి. వాయించడం రాకపోయినా ఫర్వాలేదు."

స్టాఫన్ విసుగ్గా కీబోర్డు వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచే వంగి స్విచ్చి వేశాడు. దీపాలు వెలిగేదాకా ఆగి, చుట్టూ తిరిగి ముందుకొచ్చాడు. మీటలు పట్టుకుని తొక్కాడు. స్వరం ఆగిపోయింది. అతని ముఖంలో రంగు మారింది. ఇదేమిటని అడగబోతే బార్బ్రో చెయ్యెత్తి ఆపింది.

వెండెలా స్విచ్చి ఎక్కడుందో వెతుక్కుంది. దొరికాక నిలబడే వేసి, తర్వాత కూర్చుని, వేలు పెట్టమన్న చోట పెట్టి తొక్కింది. మళ్లీ ఆగింది. తొక్కినప్పుడే ఆగుతోందే అని ఆమె హెడ్డా వైపు చూసి, చూపు దించుకుంది.

తూరె వంతు వచ్చింది. అతను బల్ల మీద కూర్చున్నాడు. కుడిపాదం తనంతట తనే వెళ్లి పెడల్ మీద వాలింది. తర్వాత చెయ్యి చాచి స్విచ్చి వేశాడు. బొత్తం నొక్కుతూ ఆరో నృత్యంలోకి వచ్చి, వేళ్లతో స్వరాన్ని పట్టుకున్నాడు. పాదం పెడల్ మీదే ఉంది. స్వరం హాలంతా నిండుగా మోగుతోంది. పాదం ఎత్తాడు. స్వరం ఠక్కున తెగింది.

తూరె తన పాదం వైపు చూసుకున్నాడు. మళ్లీ తొక్కాడు, స్వరం వచ్చింది. ఎత్తాడు, పోయింది.

"ఈ ఉచ్చు పన్నినవాడు కోరుకున్నది సరిగ్గా ఇదే," అంది బార్బ్రో. "పాదం లేస్తే స్వరం ఆగాలి. చూసేవాళ్లకు హెడ్డా కాలు జారినట్టుండాలి. మిగతావాళ్ల పాదాల కింద ఇది తలకిందులుగా పనిచేస్తోంది. ఈ థియేటర్ మొత్తంలో ఒక్క పాదం కిందే అనుకున్నట్టు పనిచేస్తోంది."

ఇది యాదృచ్ఛికమని తూరె మెల్లగా అన్నాడు. తనకు కంప్యూటర్ల గురించి ఏం తెలుసన్నాడు.

"ఈ సంగీతంలో ఏ నంబరు ఎక్కడికి పోవాలో మొదట రాసిచ్చింది నువ్వేగా," అన్నాడు స్టాఫన్. అంతసేపట్లో అతను నోరు విప్పడం అదే మొదలు.

బార్బ్రో వివరించింది. స్విచ్చి వేసేటప్పుడు పెడల్ మీద బరువుంటే కీబోర్డు తిరగేసి పంపుతుందని మొన్న మెల్కర్ నేల మీద పాకుతూ నిరూపించాడు. ఉచ్చు పన్నినవాడికీ అలాగే జరిగింది. పాదం పెడల్ మీద పెట్టి స్విచ్చి వేశాడు. ముందు ఆదేశాన్ని మామూలుగా పెట్టి చూస్తే తొక్కినప్పుడు ఆగింది. అతనికి కావలసింది వదిలినప్పుడు ఆగడం. అందుకని ఆదేశంలో విలువను తిరగేశాడు. తన పాదం కింద చక్కగా కుదిరింది. తృప్తిగా వెళ్లిపోయాడు. హెడ్డా వచ్చి, పాదం ఎడంగా పెట్టుకుని స్విచ్చి వేసింది. అంతే, అంతా తలకిందులైంది.

"పియానో నేర్చినవాళ్లెవరైనా పెడల్ తిరగబడిందని వెంటనే పసిగడతారు, వదిలినా స్వరం సాగుతుంది కాబట్టి," అన్నాడు మెల్కర్ ఉండబట్టలేక. "ఇతనికి తెలియలేదెందుకు?"

"ఆర్గన్ వాయించేవాళ్లకు స్వరాన్ని సాగదీసే పెడల్ ఉండదు. వేళ్లు మీటల మీంచి తీయకుండా పట్టుకునే ఉంటారు. పైగా ఇక్కడ పాదం ఎత్తగానే వాల్యూమ్ సున్నా అయిపోతుంది, సాగే స్వరం వినపడనే వినపడదు. నిన్న సాయంత్రం ఒక చర్చికి వెళ్లి అక్కడి ఆర్గన్ ఆవిడను అడిగాను. ఆర్గన్‌ను పాదాలతోనూ వాయిస్తారట, ఈయన సంచిలో ఆ పల్చటి బూట్లు అందుకే. వాళ్ల కుడిపాదం ఖాళీ దొరికితే చాలు, శబ్దం పెంచి తగ్గించే పెడల్ మీదికెక్కి కూర్చుంటుందట. ఆ అలవాటు మాన్పించలేక గురువులు తలలు పట్టుకుంటారట. పాదాలు సర్దుకున్నాకే స్విచ్చి వేస్తారు. తూరె, నిన్న నా ముందు కూడా మీరదే చేశారు. పాదంతో వాల్యూమ్ తగ్గించాలన్న ఆలోచన వచ్చిందీ ఆర్గన్ మనిషికే."

తూరె మీటల మీంచి చేతులు తీసేశాడు. కాదని బుకాయిస్తాడని మెల్కర్ ఎదురుచూశాడు. అతను బుకాయించలేదు.

"ఒక చలికాలమంతా కూర్చుని రాశాను," అన్నాడు. "నేను రాసిన వేగంలో ఒక్క రాత్రి కూడా వినలేదు. రోజురోజుకీ ఇంకా నిదానం, ఇంకా నిదానం. పేపర్లో హెడ్డా సంగీతం అని రాశారు. ఎవరి సంగీతం? రికార్డు వేస్తే కనీసం నేను రాసింది రాసినట్టు వినిపిస్తుందనుకున్నాను."

"నాతో చెప్పొచ్చుగా తూరె," అంది హెడ్డా.

"చెప్పాను. మొదటి రిహార్సల్‌లోనే చెప్పాను. నువ్వు నవ్వి, ఇలా విను, ఇలా బాగుంటుంది అన్నావు." అతను బల్ల మీంచి లేచాడు. "బాగానే ఉంది. అదే నా ఏడుపు."

హెడ్డా కుర్చీలోంచి లేచింది. మెట్లు దిగేటప్పుడు అందుకునే ఆ చేతి వైపు ఒకసారి చూసింది.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది నువ్వే. బిగిస్తే పాదం ఇక వంగదని ఆయన చెబుతుంటే నా పక్కనే కూర్చున్నావు. ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఏడ్చాను. అప్పుడు కూడా చెప్పాలనిపించలేదా?"

"నొప్పి పోతుంది కదా అనుకున్నాను," అన్నాడు తూరె.

ఆ మాట విన్నాక వెండెలా అతన్ని బయటికి వెళ్లమంది. అతను కోటు మర్చిపోయి వానలోకి వెళ్లిపోయాడు. ఎవరూ వెనక్కి పిలవలేదు.

స్టాఫన్ ల్యాప్‌టాప్ దగ్గరికి వెళ్లి ఆ ఆదేశం చెరిపేశాడు. కీబోర్డు ఆపి, మళ్లీ వేశాడు. వెండెలా హెడ్డా ముందుకొచ్చి, తొక్కానని నువ్వు చెప్పినప్పుడే నమ్మాల్సిందని, నార్వేకు నువ్వే రావాలని, ఈ రాత్రి ఏ వేగంలో వాయించినా సరేనని గబగబా చెప్పింది. హెడ్డా ఫోను తీసింది. ఆసుపత్రి నంబరు కలిపి, వేదిక అంచున కూర్చుంది.

క్యూలో ఉన్నారని, వేచి ఉండమని ఫోనులో గొంతు చెప్పింది. ఒక నిస్సారమైన రాగం మొదలైంది. అందరూ అలాగే నిలబడ్డారు. కేసు తేలిందన్న సంతోషం మెల్కర్‌కు ఎంత వెతికినా దొరకలేదు. పట్టుకున్నది దొంగను కాదు, రోజూ బన్నులు తెచ్చే మనిషిని. బార్బ్రో వైపు చూశాడు. ఆమె కూడా కోటు బొత్తాలు పెట్టుకోవడం ఆపి హెడ్డానే చూస్తోంది.

చివరికి అవతల నర్సు పలికింది. హెడ్డా తన పుట్టినతేదీ చెప్పింది. సోమవారం ఆపరేషన్ వద్దని చెప్పింది. నర్సు ఏదో అడిగింది.

"లేదు, నొప్పి తగ్గలేదు. అలాగే ఉంది," అంది హెడ్డా. కుడిపాదం బూటులోంచి తీసి, గాలిలో మెల్లగా పైకీ కిందికీ వంచింది. నొప్పికి ఆమె పెదవులు బిగుసుకున్నాయి. "కాని ఈ కాలు ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. ఇన్నాళ్లూ నేనే దాన్ని నమ్మలేదు."